పర్లాకిమిడి నోటితో ఓఈటీ: రెండుసార్లు రాసిన నా అనుభవం

ఓఈటీ అంటే వైద్య రంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష. అందులో మాట్లాడడంలో నాకు 330 వచ్చింది. కావలసింది 350.

ఆ అంకె చూసిన రోజు 2024 మార్చి 5, మంగళవారం. బరంపురం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, పర్లాకిమిడి బస్సు కోసం స్టాండులో నిలబడి ఫోను తెరిచాను. వినడం 380, చదవడం 360, రాయడం 320. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఓఈటీలో రాయడానికి 300, మిగతా మూడింటికీ 350 అడుగుతుంది. మూడు గట్టెక్కి ఒకటి మునిగింది. మునిగింది ఏదయ్యా అంటే, పదకొండేళ్లుగా వార్డులో పొద్దస్తమానం నేను చేస్తున్న పని, మనుషులతో మాట్లాడడం. బస్సు వచ్చినా ఎక్కబుద్ధి కాలేదు. తరవాతి బస్సుకు గంటన్నర ఆగాను.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి ఈ పరీక్షకు కూర్చునే నర్సులు చాలామందే ఉన్నారు. నాకు ముందుగా ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. పాతపట్నం దాటి శ్రీకాకుళం చుట్టాల ఇంటికి వెళితే నా తెలుగులో ఒడియా రాగం ఉందంటారు. బరంపురంలో ఒడియా మాట్లాడితే ‘తెలుగమ్మాయివా?’ అని అడుగుతారు. ఇంగ్లీషు సంగతి ఇంకా తమాషా. ఒడియా సిస్టర్లతో ఉన్నప్పుడు నా నోట ‘సుగర్ పేషెంట్’, ‘నైట్ సిఫ్ట్’ వస్తాయి. తెలుగు వాళ్లు పక్కన చేరగానే అవే మాటలు ‘షుగర్ పేషెంటు’, ‘నైట్ షిఫ్టు’ అయిపోతాయి. నటన కాదు, గాలివాటం. ఒడియా పలుకులో సకారం ఒక్కటే, బకారానికీ వకారానికీ మధ్య గోడ కూడా పల్చన. అందుకే మా నాన్న వెంకటరావు నా స్కూలు రిజిస్టరులో బెంకటరావుగా చేరారు. పాస్‌పోర్టు చేయించుకున్నప్పుడు ఇద్దరూ ఒక్క మనిషేనని అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. వకారం నాకు పెట్టించిన మొదటి ఖర్చు అది.

2023 నవంబరులో బరంపురంలో ఒక కోచింగులో చేరాను. ఎనిమిది వారాలు, 14,000 రూపాయలు. వినడానికి, చదవడానికి, రాయడానికి అక్కడ బాగానే తయారు చేశారు, అబద్ధం చెప్పను. మాట్లాడడం నేర్పే ఆయన మాత్రం మొదటి రోజే నా గొంతు విని, ‘మీ నోట్లో రెండు రాష్ట్రాలున్నాయి. రెండింటినీ ఖాళీ చేయిస్తాను’ అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఖాళీ చేయించే పద్ధతి ఏమిటంటే, పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకుని చదవడం, మాట చివరి రేఫను, అంటే ‘ర్’ను, మింగేయడం, గొంతును ముక్కులోకి ఎక్కించడం. ‘వాటర్’ అనకూడదు, ‘వాట’ అనాలి. ‘డాక్టర్’ కాదు, ‘డాక్ట’. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇదంతా సాధన చేస్తుంటే మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు విని, ‘పన్ను నొప్పా అమ్మా? లవంగం పెట్టుకోకపోయావా?’ అంది. ఆవిడ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే నాకు 32,000 రూపాయలు మిగిలేవి.

పరీక్ష రుసుము అప్పట్లో 587 ఆస్ట్రేలియా డాలర్లు. నా కార్డులోంచి 32,000 పోయాయి. కంప్యూటర్ మీద రాసే పద్ధతి ఎంచుకున్నాను. అందులో వినడం, చదవడం, రాయడం కేంద్రంలో ఒకే రోజు అయిపోతాయి. మాట్లాడడం వేరే రోజు, వీడియో కాల్‌లో. పలాసలో సాయంత్రం రైలెక్కి మర్నాడు ఉదయం సికింద్రాబాదులో దిగాను. లాడ్జి మంచం మీద నిద్ర పట్టలేదు. ఫిబ్రవరి 10 శనివారం ఆ మూడూ అయ్యాయి. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, కేంద్రంలో ఏసీ మరీ ఎక్కువ. స్వెట్టర్ తీసుకెళ్లండి.

మాట్లాడే పరీక్ష ఫిబ్రవరి 14న, బరంపురంలో మా చిన్నాన్న గారింట్లో. ఈ పరీక్ష తీరు తెలియని వారికి ఒక్క ముక్క. ముందు కాసేపు పిచ్చాపాటీ ఉంటుంది, దానికి మార్కులు లేవు. తరవాత రెండు కార్డులు. ఒక్కోదానికి మూడు నిమిషాల తయారీ, అయిదు నిమిషాల సంభాషణ. అవతలి మనిషి రోగి, లేదా రోగి బంధువు. మనం నర్సు. మార్కులు వేసేది మాత్రం ఆ మనిషి కాదు. మాటలన్నీ రికార్డయి, శిక్షణ పొందిన వేరే వాళ్ల దగ్గరికి వెళతాయి. కార్డులో ఏముందో బయట పెట్టకూడదని నియమం ఉంది కాబట్టి సందర్భం మార్చి చెబుతున్నాను.

ఆపరేషను అయిన మనిషికి ఇంటికి వెళ్లాక ఎలా ఉండాలో చెప్పాలి అనుకోండి. రోజూ కొంచెం నడవండి, ఆరు వారాల వరకు పనికి వెళ్లకండి. ఇవే రెండు ముక్కలు. ఇంగ్లీషులో నడక ‘వాక్’, పని ‘వర్క్’. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ రెండూ నా నోట్లో వేరు వేరుగానే ఉన్నాయి, రేఫ పుణ్యమా అని. ఎనిమిది వారాల పాటు ఆ రేఫనే కదా మింగడం నేర్చుకున్నాను! రెండూ ఒక్కటే అయి కూర్చున్నాయి. ‘ఆరు వారాలు నడవకూడదా? మరి బాత్రూముకి?’ అంది అవతలావిడ. ఆవిడ పని గురించి అడుగుతోందనుకుని, అవును, డాక్టరు గారు మళ్లీ చూసేదాకా అస్సలు వద్దు అన్నాను. ఆవిడకు నిజంగానే కంగారు పుట్టింది. చిక్కు విప్పుకోవడానికి ముప్పావు నిమిషం పట్టింది. అయిదు నిమిషాల్లో ముప్పావు నిమిషమంటే సామాన్యం కాదు. చెమటతో హెడ్‌సెట్ జారిపోయింది.

రెండో కార్డులో ఒక తల్లి బెంగ పడుతోంది. ఆవిడ గొంతు వణికేసరికి పెన్సిలూ ముక్కూ అన్నీ మరిచిపోయాను. మా వార్డులో మాట్లాడినట్టే మాట్లాడాను. అది సాఫీగా నడిచింది. కాల్ పెట్టేశాక నాకు ముచ్చటగా అనిపించింది ఆ రెండోదే. అయినా తప్పు ఎక్కడుందో అప్పటికి ఎక్కలేదు. రెండో దానిలో యాస జారిపోయిందే, మార్కులు పోతాయేమోనని బాధపడ్డాను! అంత బాగా ఎక్కించారన్నమాట.

ఫలితం వచ్చాక తెలిసిన చేదు సంగతి, అందులో అంకె తప్ప కారణం ఉండదు. ఉచ్చారణలో పోయిందా, వ్యాకరణంలోనా, రోగితో మెలిగిన తీరులోనా, ఏమీ చెప్పరు. రెండో చేదు సంగతి, తప్పిన ఒక్క భాగాన్నే మళ్లీ రాస్తే కౌన్సిల్ ఒప్పుకోదు. పన్నెండు నెలల లోపు రెండు ప్రయత్నాల మార్కులు కలుపుకోవచ్చు కానీ రెండుసార్లూ నాలుగూ రాసి ఉండాలి. అంటే మళ్లీ 587 డాలర్లు, మళ్లీ సికింద్రాబాదు, మళ్లీ ఏసీ.

కోచింగు ఆయనకు ఫోను చేశాను. ‘మదర్ టంగ్ ఇంకా పోలేదమ్మా, ఇంకో బ్యాచ్ చేరండి, సగం ఫీజే’ అన్నారు. నెల రోజులు ఏమీ చదవలేదు. డ్యూటీలో కూడా ఇంగ్లీషు మాట్లాడాలంటే నాలుక బిగుసుకుపోయేది. ఒకరోజు రౌండ్స్‌లో డాక్టరు గారు అడిగిన దానికి ఒడియాలో జవాబిచ్చి ఊరుకున్నాను. చిన్నదే. కానీ పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి నా గొంతంటే నాకు సిగ్గేసింది.

మా వార్డులో అంతకుముందు కొట్టాయం నుంచి వచ్చిన సిస్టర్ ఒకావిడ ఉండేది. ‘జీరో’ని ఆవిడ జీవితంలో ‘సీరో’ తప్ప అనలేదు. ఓఈటీ మొదటి దెబ్బకే దాటి ఇంగ్లండు వెళ్లిపోయింది. ఏప్రిల్‌లో ఆవిడతో మాట్లాడితే, నువ్వు ఏ యాస పెట్టావు అక్కా అని అడిగాను. ‘యాస పెట్టడమేమిటి? ఉన్నది చాలదా? రోగికి అర్థమైందా లేదా అన్నదే నేను చూసుకున్నాను’ అంది. ఆ రాత్రి మొదటిసారి పరీక్ష వాళ్ల సొంత కాగితాలు తీసి చదివాను. ఆ పని అన్నిటికంటే ముందు చేయవలసింది. భాష వైపు నాలుగు కొలతలున్నాయి. అందులో ఒకటి, మాట వినేవాడికి ఎంత సులువుగా అందుతోంది అన్నది. యాస తీసేయాలని ఎక్కడా లేదు. యాస వినేవాడిని ఎంత కష్టపెడుతోందన్నదే లెక్క.

కష్టపెడుతున్నది ఏది? అది నాకు నేనుగా వినపడదు కదా. మా ఊళ్లో రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన ఉన్నారు. వయసులో ఉండగా హైదరాబాదు సీఫెల్‌లో, అదే ఇప్పటి ఇఫ్లూ అనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, ధ్వనిశాస్త్రం చదువుకుని వచ్చారు. ఏప్రిల్ మూడో వారంలో ఆయన దగ్గరికి వెళ్లి, కోచింగులో రికార్డు చేసిన నా మాటలు వినిపించాను.

‘ఎవరి గొంతమ్మా ఇది?’ అన్నారు.

‘నాదే మాస్టారూ.’

‘నీదైతే నీకెందుకు ఇంత శ్రమ?’

నన్ను వరండాలోకి పంపి తలుపు మూశారు. మందుల మోతాదులు ఇరవై చదవమన్నారు, నా సహజమైన గొంతుతోనే. లోపల ఆయన విన్నది విన్నట్టు రాసుకున్నారు. తలుపు తీసి కాగితం చూపించారు. ఇరవైలో ఏడు తప్పు. ‘ఫిఫ్టీన్’ అన్నచోట 50 ఉంది, ‘థర్టీ’ అన్నచోట 13 ఉంది. ‘ఏడుగురు రోగులకు మోతాదు తప్పిందమ్మా’ అన్నారు నెమ్మదిగా. నవ్వలేదు. నాకు ఒళ్లు జలదరించింది. పరీక్ష పోయినప్పుడు కూడా అంత భయం వేయలేదు. మా వార్డులో అంకెలు కాగితం మీద ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

తేడా ఊనికలో ఉందట. పదిహేనుకు చివర నొక్కాలి, యాభైకి మొదట్లో నొక్కాలి. నేను రెండు చోట్లా ఒకే బరువు వేస్తున్నాను, పైగా చివరి నకారాన్ని సగంలో వదిలేస్తున్నాను. ఆయన చాక్‌పీసు తీసుకుని అరుగు మీద ఇంగ్లీషు మాటలు రాసి, వాటి మీద పద్యాలకు పెట్టినట్టు గురులఘువులు పెట్టారు. నేను ఒడియా మీడియం కాబట్టి ఛందస్సు ఎరగను. అదీ ఓ అరగంట చెప్పారు, యమాతారాజభానసలగం సహా. ‘ఇంగ్లీషు మాటలో గురువు ఒక్కడే. మిగిలిన వాళ్లంతా అణిగిమణిగి కూర్చోవాలి. మనం అందరికీ సమానంగా పీటలు వేస్తాం. వినేవాడు గురువెవరో వెతుక్కుంటూ ఉంటాడు, ఈలోగా వాక్యం అయిపోతుంది’ అన్నారు. ‘డయాబిటీస్’లో ‘బీ’ గురువు. ‘అలర్జీ’లో మొదటి అక్షరం గురువు, అదే ‘అలర్జిక్’ అనేసరికి రెండో దాని మీదికి జరిగిపోతుంది. ఒక్క కకారం చేరితే గురువు లేచి పక్క పీట మీద కూర్చోవడం నాకు భలే వింతగా తోచింది. వార్డులో రోజూ పలికే మాటలు నూట నలభై ఏరి, నోటుబుక్కులో గురువు గుర్తులు పెట్టుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా పనికొచ్చిన పుస్తకం అదొక్కటే.

వకారం గురించి నేనే అడిగాను, పెదవి కొరికి ఒకటి, గుండ్రంగా చుట్టి ఒకటి పలకడం రావడం లేదని. ‘దాని జోలికి పోకు. సందర్భం చూసి వినేవాడే సర్దుకుంటాడు. వార్డులో అలవాటైన ‘భొమిటింగ్’ మాత్రం మానేసి మీ ఇంటి వకారం వాడు, చాలు’ అన్నారు. రేఫ సంగతి చెబితే ఆయనకు కోపమే వచ్చింది. స్కాట్లండు వాళ్లు పలుకుతారు, ఐర్లండు వాళ్లు పలుకుతారు, అమెరికాలో పలుకుతారు, నీకెందుకు మింగడం అని. మింగిన రేఫను కక్కించడానికి వారం పట్టింది.

వదలకూడదన్నవి ఇంకా రెండు ఉన్నాయి. చెవిని, సంవత్సరాన్ని నేను ఒకేలా ‘ఇయర్’ అంటున్నానట. చెవి నొప్పి ఏడాదిగా ఉందా అని అడిగితే ఏ చెవి అని ఎదురు ప్రశ్న వస్తుంది. సంవత్సరానికి ముందు ‘యి’ గట్టిగా పలకాలి. ఇక నిదానంగా మాట్లాడమంటే మాటల చివర ఉకారం మొలుస్తోంది, ‘బెడ్డు’, ‘ట్యాబ్లెట్టు’ అని. తెలుగుకు అందమే, ఇంగ్లీషులో అదొక కొత్త ముక్కలా వినపడుతుంది. నిదానించడమంటే మాటను సాగదీయడం కాదు, మాటల గుంపుల మధ్య ఆగడం. ఇది ఒంటబట్టడానికి ఆయన చేయించిన పని నాకు నచ్చింది. ముందు అదే సంగతి తెలుగులో మా అమ్మమ్మకు చెప్పమన్నారు. ‘ఈ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి అమ్మమ్మా, పరగడుపున వద్దు, కడుపులో మంట వస్తుంది.’ ఎక్కడెక్కడ ఆగానో గుర్తు పెట్టుకుని, ఇంగ్లీషులోనూ అక్కడే ఆగమన్నారు. తెలుగులో నేను ఎప్పుడూ తొందరపడనని అప్పుడు గమనించాను. ఇంగ్లీషు రాగానే ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తేదాన్ని, తప్పు దొరికేలోగా దాటేయాలని.

మాస్టారి దగ్గర గిడుగు రామమూర్తి గారి పేరు రాకుండా గంట గడవదు. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుంటూ, సవర గిరిజనులను ఇంట్లో ఉంచుకుని, వాళ్ల నోటి నుంచే వాళ్ల భాష నేర్చుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు. వెళ్లి ఉంటే నాకు వకారం తిన్నగా ఉండేదేమో కానీ, వార్డులో రెండు భాషల రోగులతో మాట్లాడే నోరు ఉండేది కాదు. మాస్టారు ఫీజు తీసుకోలేదు. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూడమనేవారు, అంతే.

ఏప్రిల్, మే, జూన్ రోజుకు అరగంట సాధన. డ్యూటీ నుంచి వచ్చే బస్సులో నా రికార్డు నేనే వినేదాన్ని. మొదటి రెండు వారాలు ఆ గొంతు వినడం శిక్షలా ఉండేది. మే నెల మధ్యలో ఎప్పుడో అది మామూలు గొంతు అయిపోయింది. తలుపు పరీక్ష మళ్లీ జూన్ 8న. ఇరవైలో తప్పు ఒక్కటి.

జూన్ 29న హైదరాబాదులో మూడు పరీక్షలూ రాశాను, స్వెట్టర్‌తో. మాట్లాడే పరీక్షకు వచ్చిన తేదీ చూసి తల పట్టుకున్నాను. జూలై 6, రథయాత్రకు ముందు రోజు! ఊళ్లో మైకులు మామూలుగా మోగవు. మా ఇల్లు వద్దనుకుని ఊరి చివర మా మేనత్త గారింట్లో లోపలి గది చూసుకున్నాను. కిటికీకి రెండు బొంతలు కట్టాం. కరెంటు పోతే ఇబ్బందని పొరుగువారి యూపీఎస్ అడిగి తెచ్చాం. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి ఉంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కీచుకీచుమని అరుస్తుంది. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

పాస్‌పోర్టు చూపించాను, గది నాలుగు వైపులా చూపించాను. బొంతలు చూసి అవతలావిడ ఏమనుకుందో తెలియదు. ఆవిడ ఇంగ్లీషు కూడా ఎక్కడో పుట్టి పెరిగినదే. ఏ దేశమో పోల్చుకోలేకపోయాను కానీ ‘ట’ అన్నచోట నాలాగే నాలుక మడిచింది. ప్రాణం లేచి వచ్చింది.

మొదటి కార్డులో మందు మోతాదు చెప్పే అవసరం పడింది. ఎంత సాధన చేసినా ఆ క్షణంలో నమ్మకం చాలక, పదిహేను అని చెప్పి వెంటనే ‘ఒకటి, అయిదు’ అని విడిగా కూడా చెప్పాను. మాస్టారు నేర్పిన చివరి జాగ్రత్త అది. ఆవిడ తిరిగి అదే అంకె అంది. రెండో కార్డు మధ్యలో కరెంటు పోయింది, కీచుకీచు మొదలైంది. ఒక్క క్షణం ఆగి, క్షమించండి, అది కరెంటు యంత్రం, నా మాట వినపడుతోందా అని అడిగాను. వినపడుతోంది అంది. కొనసాగించాను. నా గొంతులో రెండు రాష్ట్రాలూ ఉన్నాయి, కీచు మూడోది. బయటికొచ్చేసరికి మేనత్త గడపలోనే కూర్చుని ఉంది. ‘ఏమీ అర్థం కాలేదు కానీ నువ్వే మాట్లాడినట్టుంది’ అంది.

పద్దెనిమిది రోజుల తరవాత, జూలై 24న ఫలితం వచ్చింది. మాట్లాడడం 370. వినడం 360, చదవడం 350, రాయడం 310. రెండు ప్రయత్నాలూ కలపాల్సిన పనే పడలేదు. ఈసారి కూడా స్టాండులోనే చూశాను. వచ్చిన బస్సే ఎక్కాను.

ఖర్చు అడిగేవారి కోసం. కోచింగు 14,000, రెండుసార్ల రుసుము 64,500, రైళ్లు, లాడ్జి కలిపి 7,400, హెడ్‌సెట్ 1,100, జీతం కోసిన నాలుగు రోజులు 2,800. మొత్తం 89,800. ఇందులో సగం నేను కాని గొంతుకు పెట్టింది. వద్దు, ఆ లెక్క మళ్లీ వేయను. మాస్టారికి ఒక బీపీ మిషను కొనిచ్చాను, అది ఇందులో కలపలేదు.

ఆగస్టు రెండో వారంలో ఉత్తర ఇంగ్లండులోని ఒక ఆసుపత్రి వాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరి మాట తేలికగానే అందింది. మూడో ఆవిడ వార్డు మేనేజరు. ఆవిడ నోరు తెరవగానే నా గుండె జారింది. ఎన్ని రికార్డులు విన్నా అలాంటి పలుకు వినలేదు. మధ్యలో రెండుసార్లు ‘బుస్’ అంది. ‘బుస్ దిగితే ఎదురుగా మేమే’ అన్నట్టు చెయ్యి చూపించింది. ‘కుప్’ అని కూడా ఏదో అంది. టీ కప్పు కాబోలు. అప్పటికి తట్టింది, బస్సు. మా పక్క సంతకు వచ్చే ముసలివాళ్లు కొందరు అచ్చం అలాగే అంటారు, బుస్సు అని.

ఇంకేమైనా అడగాలా అని ఆవిడ నన్ను అడిగింది. రాత్రి డ్యూటీ దిగే వేళకు బస్సు ఎంతసేపటికి ఒకటి వస్తుందని అడిగాను. ఇరవై నిమిషాలకొకటట.